నీ పిడికిలంత బియ్యం

నాగిరెడ్డిపేట,
బుధవారం.

లింగవ్వకు,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, గుడ్లు పెట్టడం మానేసిన నీ రెండు కోళ్ళూ. పుణెలో నువ్వూ, సుధారాణీ, అల్లుడూ క్షేమమని తలుస్తాను. కాన్పు అయ్యేదాకా మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పినా సుధ వంటింట్లోకి వచ్చి నిలబడుతోందని రాశావు. ఆ మొండితనం నా నుంచే వచ్చిందనీ రాశావు. మీ పుట్టింటివాళ్ళంతా వెన్నముద్దలైనట్టు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని అల్లుడు నవ్వుతున్నాడట. నవ్వనీ. ఫోన్లో మనిద్దరం రెండో మాటకే కొట్లాడుకుంటాం. పైగా నా గొంతు వింటే చాలు, నేను తిన్నదీ తిననిదీ నీకు తెలిసిపోతుంది. కాగితానికి ఆ తంటా లేదు.

మడిలో ఇసుక పోయిందా అని అడిగావు. సగం పోయింది. పోచారం ప్రాజెక్టు నీళ్ళు పొంగి మన మడి మీద పరిచిపోయిన ఇసుకను ఎత్తించడానికి ట్రాక్టరు పెట్టాను. చేతిలో ఉన్నదంతా దానికే పోయింది. వానాకాలం పంట ఇంకా ఆ ఇసుక కిందే ఉంది. యాసంగికి నాట్లు పడతాయో లేదో నీ దేవుణ్ణే అడుగు. మీ ఇద్దరికీ మాటలున్నాయి కదా, నాకూ ఆయనకూ లేవు.

రేషను తెచ్చుకున్నావా అని అడిగావు. వెళ్ళాను. ఆ యంత్రం మీద బొటనవేలు పెట్టాను, తుడిచి పెట్టాను, కడిగి పెట్టాను. నా వేలు అరిగిపోయిందట, గీతలు లేవట. "అవ్వ వేలు తీస్కరా" అన్నాడు దుకాణంలో పిల్లాడు. అవ్వతో పాటు వేలు కూడా పుణెకు పోయిందని చెప్పాను. వరుసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను నాలుగు మాటలని వచ్చేశాను. మళ్ళీ ఆ గడప తొక్కను.

ఇక నీ అసలు ప్రశ్న. ప్రతి ఉత్తరంలోనూ అదే. "పిడికెడు తీస్తున్నవా?"

తీస్తున్నాను. బస్సెక్కేముందు నువ్వు నా చెయ్యి పట్టుకుని చెప్పింది నాకింకా వినబడుతూనే ఉంది. "వండే ముంగట దేవునికి ఒక పిడికెడు తీసి కుండల ఎయ్యాలె. నీ గ్లాసు ముంచుడు దాని తర్వాతనే. ఐతారం నాడు నువ్వే చర్చికి తీస్కపోవాలె. ఎవ్వలతోని పంపకు." సరేనన్నాను. అన్నాను కాబట్టి చేస్తున్నాను. ఇందులో భక్తి వెతక్కు.

కానీ కోపం మాత్రం ఉంది, అది రాస్తాను. ఎల్లారెడ్డి టౌను గ్రంథాలయంలో ఊడ్చి, తెరిచి, మూసి, మధ్యలో మిగిలిన కాలమంతా చదివినవాణ్ణి నేను. కరువుల గురించి చదివాను, కరువుల్లో గాదెలు మూసుకున్నవాళ్ళ గురించీ చదివాను. ఇంట్లో బియ్యం తగ్గుతుంటే ముందు బయటికి తీసిపెట్టమనే లెక్క నాకెక్కడా దొరకలేదు. మొన్న చర్చి మైకులో పాస్టరు గారు చెబుతున్నారు, లేమిలో ఇచ్చేవాడిదే నమ్మకమట. గేటు బయట నిలబడి విన్నాను. ఆయనకు మడి లేదు, దాని మీద ఇసుకా లేదు.

గేటు బయటే ఎందుకంటావా? నీ తమ్ముడి పుణ్యం. పోయిన క్రిస్మస్ నాడు సంఘమంతా కూర్చుని ఉండగా అబ్రాహాము ఏమన్నాడో నువ్వు మరిచిపోయి ఉంటావు, నేను మరవలేదు. "మా బావకు అన్ని పుస్తకాలు ఎరుకే. ఒక్క మోకాళ్ళు వంచుడే తెల్వది." అందరితోపాటు నువ్వూ నవ్వావు. ఆ రోజు నుంచి నేను గేటు దాటలేదు. ఇప్పుడు నువ్వు నాచేత కుండ మోయిస్తున్నావు. గేటు దగ్గర ఇచ్చి వచ్చేస్తాను.

బియ్యం పోగుచేసే రూత్ మొదటి వారమే కుండలోకి తొంగిచూసి నోరు వెళ్ళబెట్టింది. "ఏంది మామా, గింత జల్ది నిండింది? అత్తమ్మ తెచ్చినప్పుడు సగం గూడ ఉండకపోవు."

"నేనేం చెయ్యాలె? పిడికెడన్నది, పిడికెడే ఎస్తున్న."

"నీది పిడికిలా, పారనా? గిది ఆడోళ్ళ లెక్క మామా. అత్తమ్మ చెయ్యి గింతే ఉంటది."

అప్పటిదాకా నాకా ఆలోచనే రాలేదు. తగ్గించమని కుండ చెప్పదు, నువ్వూ చెప్పలేదు. ఆ పిల్ల ముందు చిన్నబోవడం ఇష్టంలేక అలాగే వేస్తూ వచ్చాను.

ఇంతవరకు చదివి పక్కన పెట్టకు. ఇప్పుడు రాసేది నిలబడి చదవకు, కూర్చో.

పోయిన ఉత్తరంలో బియ్యం క్రిస్మస్ దాకా వస్తాయని రాశాను. రావు. అది రాసేటప్పటికే సంచి అడుగు కనిపిస్తోంది. నిజం రాస్తే సుధను మంచం మీద వదిలేసి మర్నాడే నువ్వు కామారెడ్డిలో దిగుతావు. నేను పస్తున్నా ఫరవాలేదు, అక్కడ ఆ బిడ్డ లేచి నీళ్ళు మోస్తే ఏమవుతుందో డాక్టరమ్మ చెప్పింది కదా. అందుకే అబద్ధం రాశాను.

శనివారం సంచిని చాటలోకి దులిపాను. మొత్తం నా పిడికెడు. అంతే. ముందు పిడికెడు దేవునిదన్నావు. ఉన్నదే ఒక్క పిడికెడైతే ఏం చెయ్యాలో చెప్పలేదు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, చాట ముందు కూర్చుని గట్టిగా అరిచాను. నిన్ను తిట్టాను, అబ్రాహామును తిట్టాను, పైనున్నవాణ్ణీ తిట్టాను. కోళ్ళు కూడా బయటికి పారిపోయాయి.

తర్వాత నీ పిడికిలంత తీశాను. వేళ్ళు దగ్గరికి ముడిచి, బొటనవేలు లోపలికి మడిచి. నీ చెయ్యి ఎంతుంటుందో నాకు తెలుసు. చాటలో కొన్ని గింజలు మిగిలాయి. వాటితో జావ కాచుకుని తాగాను.

ఆదివారం కుండ రూత్ చేతికిచ్చాను. లోపలికి చూసింది. ఈసారి వేళాకోళమాడలేదు. "మంచిది మామా" అని చర్చిలోకి పోయింది. అప్పుడే అనుకున్నాను, ఆ పిల్ల కనిపెట్టింది, పని చెడిందని.

సోమవారం పొద్దున్నే అబ్రాహాము మోపెడ్ వేసుకుని వచ్చాడు, ముందర కాళ్ళ దగ్గర సంచి.

"ఏం తెచ్చినవ్?" అన్నాను.

"బియ్యం. పిడికెడు బియ్యమే. మడ్లల్ల ఇసుక పడ్డోళ్ళ ఇండ్లకు సంఘం పంచుతున్నది."

"నేను మీ సంఘపోణ్ణి గాదు. గేటు అవుతలోణ్ణి. తీస్కపో."

"గేటు అవుతలికెల్లే నీ కుండ వచ్చింది గద బావా. నీ బియ్యం లోపటికి రావొచ్చు గని, మా బియ్యం బయటికి పోవద్దా?"

"సదువు నాకు జెప్పకు. వద్దంటే వద్దు."

వాడు మోపెడ్ స్టాండు వేసి, జేబులోంచి ఫోన్ తీశాడు. "సరే. అక్కకు జేస్త. బావ ఇంట్ల గింజ లేదు, ఇస్తే తీస్కుంటలేడని జెప్త. రేపటి బస్సుకు దిగుతది."

వాడి కళ్ళలోకి చూశాను. చేస్తాడు. మీ వంశమే అంత. సంచి లోపల పెట్టమన్నాను. వాడు పెట్టి, మోకాళ్ళ సంగతి ఎత్తకుండా పోయాడు. ఎత్తి ఉంటే సంచి వీధిలో పడేసేవాణ్ణి. ఎత్తలేదనే నాకింకా మంటగా ఉంది.

ఆ బియ్యం సంగతి విను. ఇంటింటి బియ్యమూ అందులోనే. దొడ్డువి, సన్నవి, రేషనువి, ఉప్పుడువి. వండితే ఒకటి ముద్దవుతుంది, ఒకటి పలుకుగానే ఉంటుంది. పళ్ళు లేనివాడికి పెట్టే తిండి కాదు. మధ్యమధ్యలో మన మడి దొడ్డుబియ్యం కూడా తగిలాయి, గుర్తుపట్టాను. నా పార పిడికిళ్ళు ఎక్కడికి పోయాయో ఇప్పుడు తెలిసింది.

దేవుడే పంపాడని నువ్వంటావు. నేను చూసింది మాత్రం అబ్రాహాము మోపెడ్. ఈ సంగతి మీద నువ్వొచ్చాక కొట్లాడుకుందాం. నమ్మకం నీది, నాకు లేదు. చెప్పిన మాట వినడం మాత్రం నేను విన్నాను. కొత్త సంచి విప్పగానే, గ్లాసు ముంచకముందే కుండలో పిడికెడు వేశాను. ఈసారి నా పిడికిలే. చిన్నది చేయలేదు.

ఇన్నాళ్ళూ నీ మాట నేను విన్నాను కదా. ఇప్పుడు ఒక్కసారి నా మాట నువ్వు విను. సంచి కట్టుకోకు, బస్సెక్కకు. సుధ కాన్పయి, లేచి తిరిగేదాకా అక్కడే ఉండు. ఇక్కడ నేను తింటున్నాను. ఇది చదివి కూడా కామారెడ్డిలో దిగావో, ఆ రోజు నుంచి కుండలో ఒక్క గింజ వెయ్యను.

ఇట్లు,
వద్దు వద్దంటూనే వేస్తున్న,
సుధారాణి బాపు