లివర్‌కు కట్టిన కంకణం

మంగళవారం, సిరిసిల్ల

జీపులో ట్రైలర్ బ్రేకు పెట్టె బిగించి ఒక్కరోజే అయింది. దాని లివర్ లాగితే వెనక ట్రైలర్ చక్రాలు ఆగుతాయి. ఈరోజు మరమగ్గాల సామాను లోడుతో రుద్రంగి చేరేసరికి ఆ చక్రాల నుంచి పొగ! పెట్టె బిగించిన కోరుట్ల మెకానిక్‌ను రప్పించి, దిగీ దిగకముందే నానా మాటలూ అన్నాను.

అతను లోపలికి తొంగి చూసి, "అన్నా, గీ కంకణం ఎవలు కట్టిన్రు? గిదే లివర్‌ను గుంజి పట్టింది" అన్నాడు.

పొద్దున పూజ చేసి అమ్మ కట్టింది. తెంపమంటే, "అమ్మ కట్టింది నేనెట్ల తెంపుత?" అని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నేనే తెంపాను. అతనికి సారీ కూడా చెప్పలేదు, ఛీ.

ఇంటికొచ్చి, దానంతటదే తెగిందని అమ్మతో అబద్ధమాడాను. రేపు జగిత్యాల లోడు ఉందని కూడా నోరు జారాను.

"దిష్టి తాకింది కొడుకా! పొద్దుగాల్నే డబల్ దారంతోని ఇంకా గట్టిగ కడుత" అన్నది.