షినాస్ రేవులో మా పడవ

శుక్రవారం రాత్రి, సీబ్

తుఫానులో రాళ్లకు కొట్టుకున్న మా పడవ ఇక బాగుపడదని తేల్చి, ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బిచ్చి దాన్ని తీసుకెళ్లిపోయారు. ఆ రోజు పాప అన్నం కూడా తినలేదు. అలాంటిది, ఇవాళ చేపల కోసం షినాస్ వెళ్తే అది రేవులో నిక్షేపంగా తేలుతోంది! నీలం రంగు వేశారు గానీ, పాప సీటు వెనక మేకుతో గీసిన తాబేలు అలాగే ఉంది.

“ఏవండీ, మనదే!” అన్నాను.

“అన్ని పడవలూ ఒకేలా ఉంటాయి. పద, ఎండగా ఉంది,” అన్నారు ఈయన, అటు చూడకుండానే.

పడవ కడుగుతున్న మనిషి తలెత్తి ఈయన్ని చూసి నవ్వాడు. “అరే, రాజు భాయ్! ఆజ్ ఫ్యామిలీ కే సాథ్?”

కారెక్కాక, “నన్ను చూసి ఎవరనుకున్నాడో,” అన్నారు. పేరు పెట్టి పిలిచి, ఇవాళ ఫ్యామిలీతో వచ్చావా అని అడిగినవాడు ఇంకెవరనుకుంటాడు?

తుఫాను ముందురోజు పడవ తాళ్లు బిగించి వస్తానని ఒక్కరే వెళ్లారు. నేనూ వస్తానంటే వద్దన్నారు. నిజంగా బిగించారా? అడగాలంటేనే భయంగా ఉంది.

పాప మాత్రం దారంతా, “నాన్నా, మన బోట్ బాగైపోయిందిగా, మళ్లీ తెచ్చుకుందామా?” అని అడుగుతూనే ఉంది. ఆయన రేడియో సౌండ్ పెంచారు.