నల్లబడిన అతుకు

నాన్నగారికి,

నేను బాగానే ఉన్నాను. చెయ్యి కాలిందని అక్క చెప్పి ఉంటుంది, కంగారు పడకండి, చిన్న బొబ్బే.

మంగళవారం పైపు మీద నా టిగ్ వెల్డింగ్ అతుకు బొగ్గులా నల్లబడింది. ఇంకోసారి ఇలా వస్తే పనిలోంచి తీసేస్తామన్నారు. అతుకుకు గాలి తగలకుండా వదిలే గ్యాసు ఎక్కువైందని ఒకాయన, తక్కువైందని ఇంకొకాయన. నాకు ఏమీ పాలుపోలేదు. వెల్డింగ్ టార్చి మొత్తం విప్పాను. టంగ్‌స్టన్ కడ్డీని మళ్లీ సాన పట్టాను, ముందుండే పింగాణీ మూతి మార్చాను, వెనక మూతలో చిట్లిన రబ్బరు రింగు తీసి కొత్తది వేశాను, పక్కనున్న ఫ్యాను కూడా ఆపేశాను. మళ్లీ వేస్తే అతుకు వెండిలా మెరిసింది!

"ఏం చేశావమ్మా?" అన్నాడు మేస్త్రి.

"అన్నీ చేశానండీ."

"అయితే రేపట్నుంచి కొత్తవాళ్లిద్దరికీ నువ్వే నేర్పు."

దేనివల్ల బాగుపడిందో నాకే తెలియదు, వాళ్లకేం చెప్పను? ముప్పై ఏళ్లు టార్చి పట్టారు కదా, అసలు తప్పెక్కడో రాయండి.

అమ్మ మోకాలు ఎలా ఉంది? మీ కంటి ఆపరేషన్ ఏ తారీఖున? నా మందపాటి దుప్పటి ఎవరైనా వస్తుంటే పంపండి.

మీ జవాబు వచ్చేదాకా వాళ్లను నాలుగూ చెయ్యమనే చెప్తాను. అమ్మకు నమస్కారాలు, అక్క పాపకు ముద్దులు.

మీ చిన్నమ్మాయి