మూడిళ్ళ చాయ్

హైదరాబాద్, సంతోష్‌నగర్

ప్రియమైన సుగుణక్కకు,

నీ చెల్లెలు కరుణ ప్రభువు పేరున వందనాలు చెప్పి రాసేది. నేను బాగానే ఉన్నాను. నువ్వు, బావ, అమ్మ, బాపు అందరూ బాగున్నారనే అనుకుంటున్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? బాపు బీడీలు మానేశాడని నువ్వు చెప్పావు గానీ, ఫోన్‌లో వెనకనుంచి ఆయన దగ్గు వినపడుతూనే ఉంది.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావు. ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్ పెట్టమంటుంది. నా గొంతు కాస్త మారినా చాలు, "మనకద్దు బిడ్డా ఆ పట్నం, అచ్చెయ్" అని మొదలుపెడుతుంది. అందుకే రాస్తున్నాను. చదివి, అమ్మకు ఎంత చెప్పాలో నువ్వే చూసుకో.

నా గురించి బెంగ పెట్టుకోవద్దు. వేళకు తింటున్నాను. రేకుల గది కాబట్టి మధ్యాహ్నం ఉడికిపోతుంది, కానీ ఆ వేళకు నేను నయాపూల్ దగ్గర డయాలసిస్ సెంటర్లో ఏసీలో ఉంటాను. ఉర్దూ కూడా వస్తోంది. కూరగాయల బండి భాయ్‌తో నేను ఉర్దూలో బేరమాడితే ఆయన జాలిపడి తెలుగులో జవాబిస్తాడు, అంత బాగా వస్తోంది. ఆదివారాలే గడవవు. చర్చి నుంచి వచ్చాక మాట్లాడే మనిషి ఉండదు.

నర్సింగన్న గురించి నీకు ముందు చెప్పాను కదా, బర్రెల డెయిరీ ఆయన. కిడ్నీలు రెండూ పోయి, వారానికి మూడుసార్లు మా దగ్గర మిషన్ ఎక్కేవాడు. సూది గుచ్చుతుంటే "మెల్లగ చెల్లె, మా బర్రెలకు గూడ గింత లావు సూది ఏయరు" అనేవాడు. నేను రాని రోజున నాకోసం అడిగేవాడు. ఈ ఊళ్ళో నాకోసం అడిగే మనిషి ఆయనొక్కడే అక్కా. ఆయన పోయాడు.

మిషన్ రక్తాన్ని శుభ్రం చేస్తుంది, జబ్బు నయం చేయదు. ఆయనకు కిడ్నీ మార్చాల్సిందే. భార్య బాలమణి ఇస్తానని ముందుకొచ్చింది, కానీ ఆమెకు షుగర్ ఉందని డాక్టర్లు వద్దన్నారు. ఇక మిగిలింది ఒక చెల్లెలు, ఇద్దరు తమ్ముళ్ళు. వాళ్ళకేమో అన్న మిషన్ మీద ఉన్నాడని తెలుసు గానీ, మిషన్‌తోనే బాగైపోతాడనుకున్నారు. ఈయన ఎవరికీ అసలు మాట చెప్పలేదు.

ఇట్లాంటప్పుడు రోగి తరఫున ఇంకొకరు వెళ్ళి విషయం చెప్పాలని మా డాక్టరమ్మ అంటుంది. ఇమ్మని అడగకూడదట, అవసరం మాత్రం చెప్పాలట, ఇవ్వాలనుకున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ముందుకొస్తారట. నేనట్లా ఇద్దరు ముగ్గురి ఇళ్ళకు వెళ్ళి చెప్పాను. ఒక తల్లి తన బిడ్డకు ఇచ్చింది కూడా. నర్సింగన్న కోసమూ వెళ్తానన్నాను. ఆయన ఒప్పుకుంటేనా!

"ఇంటికి పెద్దోన్ని నేను. నా తమ్మునికాడికి ఇంకొకల్లను తోల్తనా? ఇజ్జత్ ఉంటదా?" అన్నాడు. చివరికి బాలమణి బతిమాలితే, ఆయన మాట మొదలుపెట్టేలా, డాక్టర్ల సంగతులు నేను చెప్పేలా ఒప్పందమైంది. చిన్న తమ్ముడు సత్తయ్య ఇల్లు మా గదికి దగ్గరే. మొన్న ఆదివారం చర్చి అయ్యాక నేను అక్కడికి రావాలి.

వెళ్ళేసరికి ఆయన మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. మొహం ఉబ్బి ఉంది. ఊపిరి ఎగబోస్తోంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళకు నీళ్ళు కూడా కొలిచి తాగమంటాం అక్కా. లోపలికి వెళ్ళిన నీరు మళ్ళీ మిషన్ ఎక్కేదాకా బయటికి రాదు. ఈయన తనే అడుగుదామని పొద్దున్నే చెల్లెలింటికి, నడిపి తమ్ముడింటికి పోయి వచ్చాడట. పెద్దన్న గడపలోకొస్తే చాయ్ పోయకుండా ఎవరుంటారు? పాల వ్యాపారం ఇళ్ళాయె, పెద్ద గ్లాసు నిండా పోస్తారు. వద్దంటే కోపం పెట్టుకుని వచ్చాడనుకుంటారు. అడగడానికి పోయినవాడు వద్దని ఎట్లా అంటాడు? రెండిళ్ళలోనూ తాగాడు, రెండిళ్ళలోనూ నోరు పెగల్లేదు.

గ్లాసు లాక్కుని వెంటనే ఆటో ఎక్కించాం. నా వెనకే వచ్చిన బాలమణి ఆటోలో ఆయన వీపు రుద్దుతూ, "ఈడనన్న అడిగినవా?" అంది.

"చాయ్ అయినంక అడుగుదామనుకున్న" అన్నాడు. ఆ తర్వాత మాట్లాడలేకపోయాడు. ఆస్పత్రిలో, ఊపిరితిత్తుల నిండా నీరు చేరిందన్నారు. మిషన్ కూడా పెట్టారు. పొద్దు గూకకముందే ప్రాణం పోయింది. నాకు చాలా ఏడుపొచ్చింది అక్కా. ఈ పనిలో ఏడవకూడదంటారు గానీ, నాకింకా ఆ విద్య రాలేదు.

నిన్న సత్తయ్య మా సెంటర్‌కు వచ్చాడు. బాలమణి అంతా చెప్పిందట. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మా అన్న ఊకె ఎవ్వరింటికి పోడు చెల్లె. మా ఇంటికొచ్చిండని మస్తు ఖుషీ అయ్యింది. ఇంకో గ్లాసు పొయ్యుమని నేనే అన్న" అన్నాడు. నీ తప్పు లేదన్నా అన్నాను. విన్నాడో లేదో.

లోపల మిషన్ల మీద పడుకున్నవాళ్ళను చూస్తూ, "ఒక్క మాట అడిగుంటె ఆడనే ఇస్తనంటుంటి. ఇప్పుడన్న తీస్కోండ్రి చెల్లె. వీల్లల్ల ఎవరికన్న పెట్టుండ్రి" అన్నాడు.

"అట్ల పెట్టరాదన్నా. ఇంటోల్లకైతెనే తీస్కుంటరు" అన్నాను.

"మా ఇంటోడే గద పోయిండు" అన్నాడు.

ఇంతకంటే రాయలేను అక్కా. నేను బాగానే ఉన్నాను, నిజంగానే. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే కాస్త పుంటికూర పచ్చడి పంపించు. ప్రార్థనలో బాలమణి పేరు తలుచుకోమని అమ్మకు చెప్పు. ఆమె ఎవరని అడిగితే నాతో పనిచేసే మనిషని చెప్పు. బావకు, అత్తమ్మకు నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. అమ్మా బాపుల దీవెన నామీద ఉండాలని కోరుకుంటూ,

నీ చెల్లెలు
కరుణ