నాట్ల నడుమ బాట

కోటగిరి,
28 సెప్టెంబరు 1994

చిరంజీవి తమ్ముడు రాజారాంకు,

నీ అక్క గంగమణి మనసునిండ దీవించి రాసేది. ఇక్కడ మేమంత మంచిగున్నం. నువ్వు మంచిగ లేవని నీ ఉత్తరం చూస్తెనే తెలిసింది. అక్కడ కడెంల రైతులు నీ మాట ఇంటలేరని వ్యవసాయ శాఖ కొలువు ఇడిసిపెడ్తవా? ఓరి పిచ్చోడా, ముందుగాల రెండు ముద్దలు తిను, తర్వాత నేను చెప్పేది చదువు.

పోయినేడు మనూరి చావడికాడ పటం ఏలాడదీసి, వరిమడిల నడుమ నడుమ కాలిబాటలు ఇడవాలె, గాలి ఎలుతురు తగిల్తె వరిని ఎండబెట్టే దోమపోటు తక్కువుంటది అని చెప్పినవు. మొగోళ్లంత తలకాయలూపిండ్రు. బాపు ఒక్కడే లేసి, గింజ పండే జాగల తొవ్వ పెడ్తడట నా కొడుకు, అని నవ్విండు. అందరి ముంగట నీ మొఖం సిన్నబోయింది. గప్పటిసంది ఇంటి గడప తొక్కకపోతివి. నాకెంత బాధైందో నీకేం ఎర్క.

అయితె ఇను. ఈ వానకాలం మనూరి రైతు ఒగాయన తాడు పట్టిచ్చి బాటలు ఇడిపిచ్చిండు. పేరు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నడు. ఆయన బువ్వ తిని వచ్చేసరికి బాటలు మాయం! నాట్ల కూలోళ్లకు పెద్దగుండే హన్మవ్వ అన్నిట్ల నారు పెట్టిచ్చింది. ఇదేందవ్వా అంటె, ఒకరి మడిల జాగ ఇడిసి కూలి తీస్కుంటమా, మాకు పాపం కాదా అన్నది. నీ మీటింగుకు వాళ్లను ఎవరు పిలిచిండ్రురా? నాటేది ఆడోళ్లు, నువ్వు చెప్పింది మొగోళ్లకు. నాకైతె నవ్వాగలే.

ఆ పెద్దమనిషి ధోతి ఎగ్గట్టి మడిల దిగి, బాటలల్ల నాటిన నారు తన చేతులతోనే పీకిండు. మనకాడ అదెంత తప్పో నీకు తెల్సు. గట్టు మీదోళ్లు ముసలోనికి మతి పోయిందన్నరు. ఆయన పీకుడు ఆపలే.

ఇప్పుడు సుట్టుపక్కల మడులు దోమకు సుడులు సుడులుగ ఎండుతున్నయి. ఆయన మడి పచ్చగున్నది. హన్మవ్వ చూసిపోయి, ఈసారి నీ తమ్మున్ని మాకు చెప్పమను, తాడు నేనే పడ్త అన్నది. సద్దుల బతుకమ్మకు రారా తమ్మీ. ఆడోళ్లంత ఒక్కకాడనే దొరుకుతరు. నీకిష్టమైన నువ్వుల సద్ది కలిపి పెడ్త.

నీ మీద పానమంత పెట్టుకున్న,
అక్క గంగమణి

తా.క.: ఉత్తరం మడుస్తుంటె బాపు వచ్చి చదువుమన్నడు. చదివిన. తర్వాత, ఒట్టు తీసి గట్టు మీద పెట్టు, ఆ రైతు నేనే అని రాయి అన్నడు. అవునురా, మన బాపే. నా కొడుకు కొలువు ఇడిస్తె యాసంగి నాట్లప్పుడు ఆ బాటలల్ల నేనే నారు పెడ్త, పీకనీకి వాడే రావాలె, ఈ వయసుల నాతోని కాదు, గట్లనే రాయి అన్నడు. రాసిన.