నాన్న కొట్టానికి తాళం

ఇల్యా ప్లానా దీవి
సెప్టెంబరు చివర

ప్రియమైన లారియా అక్కకు,

నేను బాగానే ఉన్నాను. మోకాలు అలాగే ఉంది. నువ్వు పంపిన సోబ్రసాదా సాసేజి అందింది. ఈసారి మాంసంలో మిరపపొడి తక్కువ వేశాడు మీ కసాయి.

ఫోనులో నాకు మాట రాదని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను. కోపంగా ఉంది. అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో.

రేవులో నాన్న పడవ కొట్టానికి తాళం పడింది.

వేసింది పార్కువాళ్ళు. మోకాలి నొప్పితో కొన్నాళ్ళు కిందికి దిగలేదు. నిన్న దిగితే తలుపుకు కొత్త ఇనుప కొండీ, దానికి నా పిడికిలంత తాళం. పక్కన ఒక పలక: ‘రక్షిత తీర ఉద్యానం. యజమాని లేని కట్టడం. ముట్టరాదు.’ పడవ లోపలే ఉంది. ఈ వసంతంలో రంగు వేసిన పడవ. వలలు లోపలే. నీళ్ళ కూజా, ఎండు రొట్టెలు, అగ్గిపెట్టె, నాన్న ఉన్ని దుప్పటి, అన్నీ లోపలే. యజమాని లేడట.

పార్కు కాపలా చూసే మార్గలీదా అక్కడే ఉంటే అడిగాను.

“తాళం లేని తలుపులన్నీ దిక్కులేనివని పైనుంచి మాట, బాబాయ్. నన్నేం చెయ్యమంటావ్?” అంది.

“దానికి తాళం ఎప్పుడూ లేదమ్మా,” అన్నాను.

“అదే కదా నేనూ అంటున్నా!” అంది.

మళ్ళీ గట్టెక్కాను. ఇంటికొచ్చాక అనాల్సినవి బోలెడు తోచాయి. వినడానికి గోడ తప్ప ఎవరూ లేరు.

మన రేవులో ఏ కొట్టానికైనా కొయ్య గొళ్ళెమే కదా. అది గాలిని ఆపడానికి, మనిషిని ఆపడానికి కాదు. తూర్పుగాలి లేచిందంటే ఆ వైపు పడవ ఆపుకోవడానికి వేరే చోటు లేదు. వచ్చినవాడు ఎవడైనా తలుపు తీసుకుని లోపలికి పోవాలి. నీళ్ళు తాగినవాడు కూజా నింపాలి, కట్టెలు కాల్చినవాడు కట్టెలు పేర్చాలి. దొంగసరుకు వాళ్ళూ, వాళ్ళను పట్టుకోవడానికొచ్చిన పోలీసులూ ఒకే పొయ్యి దగ్గర మేజోళ్ళు ఆరబెట్టుకున్నారని నాన్న చెప్పేవాడు. గాలి తగ్గాకే మళ్ళీ తరుముకున్నారట.

తూర్పుగాలుల కాలం దగ్గరికొచ్చింది. ఆ తలుపు మూసి ఉంటే ఎలా? ఏం చెయ్యను?

నీ తమ్ముడు
షుమేవ్


పాల్మా
అక్టోబరు మొదట్లో

ఒరే షుమేవ్ నాయనా,

ఏం చెయ్యాలా? అరవాలి! నువ్వు పుట్టినప్పుడే ఏడవలేదు. మంత్రసాని వీపు చరిచి చరిచి విసిగిపోయింది. అప్పటి నుంచీ అంతే నువ్వు.

నీ ఉత్తరం చదివి నా ఒళ్ళు మండిపోయింది. ఎండాకాలమంతా ఆ రేవులో మేడల్లాంటి పడవలు లంగర్లు వేసి సముద్రపు గడ్డిని వేళ్ళతో సహా పెకిలిస్తుంటే పార్కువాళ్ళ కళ్ళకు కనబడదు. పాటలు పెట్టి గంతులేస్తుంటే వాళ్ళ చెవులకు వినబడదు. మన నాన్న కొయ్య గొళ్ళెం మాత్రం కనబడింది! దానివల్లే ప్రకృతికి ముప్పొచ్చింది కాబోలు.

పార్కు ఆఫీసుకు వెళ్ళు. బల్ల మీద చరిచి అడుగు. నువ్వు చరవలేవు, తెలుసు. కనీసం టోపీ తియ్యకుండా నిలబడు. నీ సంగతి నాకు తెలీదా? ముందు టోపీ తీస్తావు, తర్వాత తల దించుతావు, చివరికి వాళ్ళకే దణ్ణం పెట్టి బయటికొస్తావు.

అదీ కాకపోతే ఆ తాళం పగలగొట్టి నీ తాళం నువ్వే వేసుకో. పీడా వదులుతుంది.

ఎండు చేపలు పంపు. ఇక్కడ దొరికేవి అట్టముక్కల్లా ఉంటున్నాయి.

నీ మీద కోపంతోనూ, వాళ్ళ మీద అంతకంటే కోపంతోనూ
లారియా


ఇల్యా ప్లానా
అక్టోబరు

ప్రియమైన అక్కకు,

ఆఫీసుకు వెళ్ళాను. టోపీ తీశాను.

మాట్లాడాల్సిన అధికారి పాల్మాలో ఉంటాడట. ఇక్కడ ఉన్నమ్మాయి మంచిదే. ఇప్పుడు రేవుకు ఒంటరిగా ఎవరినీ పోనివ్వరంది. చూడ్డానికి వచ్చేవాళ్ళతో గుంపుగా పోవాలి. నా పేరూ రాసింది. మెడలో ఒక పచ్చ బిళ్ళ వేసింది. ‘సందర్శకుడు’ అని ఉంది దాని మీద.

అలా వెళ్ళానక్కా. నేను పుట్టి పెరిగిన రేవు చూడ్డానికి, మెడలో బిళ్ళతో.

గైడు బార్సెలోనా మనిషి. గొంతు పెద్దది. దారిలో బల్లిని చూపించాడు, అందరూ ఫొటో తీశారు. ఉప్పుగడ్డిని చూపించాడు, ఫొటో తీశారు. తర్వాత మన కొట్టం ముందు ఆపాడు.

“ఒకప్పుడు ఇక్కడ జాలరులు ఉండేవారు. ఆ జీవితం అంతరించిపోయింది. తలుపు సందులోంచి చూడండి, పాతకాలపు పడవ,” అన్నాడు.

ఒక్కొక్కరే వంగి నా పడవను చూశారు. నేనూ వంగి చూశాను. అడుగున నీళ్ళు చేరాయి.

నా పక్కనున్నావిడ, “అయ్యో, ఎంత బాగుందో! పాపం, ఏమైపోయారో వాళ్ళంతా,” అంది. “మీదే ఊరండీ?” అని నన్ను అడిగింది.

నేను కొట్టం వైపు చూపించాను.

ఆవిడ పకపకా నవ్వింది. “భలే చమత్కారం మీది!” అంది.

నవ్వు ఆగేదాకా నేలచూపులు చూశాను. బతికున్న మనిషి ముందు నిలబడి అంతరించాడంటే ఏం చెప్పాలి? బల్లికున్న విలువ నాకు లేదు. దానికి యజమాని ఎవరని ఎవరూ అడగలేదు.

తాళం వేసుకోమన్నావు. నేను వెయ్యను. ఆ తలుపుకు మనవాళ్ళెవరూ తాళం వెయ్యలేదు. నీకు ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు.

చేపలు ఆరేసే జునిపర్ చెట్టు కొమ్మల్ని కూడా తీసేశారు. వాసనట. అందుకే ఈసారి చేపల్లేవు.

షుమేవ్


పాల్మా
నవంబరు

నా బంగారు తమ్ముడికి,

గెలిచాం!

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. చెబితే వద్దంటావని చెప్పలేదు. ఆ పాల్మా ఆఫీసు మా వీధికి ఎంత దూరం? పెద్ద చర్చికి వేసుకెళ్ళే నల్ల కోటు తొడుక్కుని వెళ్ళాను. ఫెర్రాగుట్ అని ఒకాయన. గోడ నిండా పక్షుల బొమ్మలు, మనిషి బొమ్మ ఒక్కటీ లేదు.

“యజమాని ఉన్నట్టు ఆధారం ఉందా అమ్మా?” అన్నాడు.

“ఆధారం ఏమిటి, మనిషే ఉన్నాడు! నోరొక్కటే లేదు,” అన్నాను.

“తాళం కూడా వెయ్యని దాన్ని ఆస్తి అని ఎలా అంటాం?”

“మీ అమ్మ వంటింటికి తాళం వేసేదా నాయనా?”

దాంతో ఆయన బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. నేను వదుల్తానా? నాన్న పేరు, తాత పేరు, రాతిని తొలిచి ఆ కొట్టం చేసిన ముత్తాత పేరు, అన్నీ దులిపాను. గొంతు ఎండిపోతే ఆయన నీళ్ళే తాగి మళ్ళీ మొదలుపెట్టాను. బయట జనం పోగయ్యారు. చివరికి, “తల్లీ, మీ తమ్ముడికే ఇచ్చేస్తాం, ఇంటికి వెళ్ళండి,” అన్నాడు.

కొట్టం నీదే, నువ్వు ఉన్నన్నాళ్ళూ. నువ్వొక్కడివీ ఏ బిళ్ళా లేకుండా వెళ్ళొచ్చు. ఒకటే షరతు: తలుపుకున్న తాళం ఎప్పుడూ అలాగే ఉండాలి. నువ్వు లోపల ఉన్నప్పుడు తప్ప తెరిచి పెట్టకూడదు. తెరిచి వదిలావంటే కొట్టం మళ్ళీ వాళ్ళదే. పోనిద్దూ, ఏముంది అందులో? తాళంచెవి ఈ పొట్లంలో ఉంది, ఎన్సయిమాదా రొట్టె కింద. చక్కెర దులుపుకో.

ఇక సంతోషంగా ఉండు.

నీ కోసం ఊరందరిచేతా తిట్టించుకున్న
లారియా


ఇల్యా ప్లానా
నవంబరు చివర

ప్రియమైన అక్కకు,

రొట్టె తిన్నాను. బాగుంది. తాళంచెవి తిరిగి పంపుతున్నాను.

నా కోసం అంత మాట్లాడావు. నేను ఈ జన్మలో అంత మాట్లాడలేను. కానీ నాకు నీ మీద కోపంగా ఉంది. రాయకపోతే నిద్ర పట్టదు.

నువ్వు గెలిచింది నా పడవను. కొట్టం ఓడిపోయింది. నా ఒక్కడికే తెరుచుకునే తలుపు ఎవరికి కావాలి? గాలికి చిక్కినవాడు, చేతులు కొంకర్లు పోయినవాడు, ఆ తాళం ముందు నిలబడి నన్నెక్కడ వెతుకుతాడు? పాల్మాలో ఆ పక్షుల గదికి వెళ్ళి అడుగుతాడా? వాళ్ళు ముందు మనల్ని దిక్కులేనివాళ్ళు అన్నారు. ఇప్పుడు పిసినారుల్ని చేశారు. మొదటిదే నయం.

సోమవారం సుత్తి, ఉలి తీసుకుని దిగాను. తాళంచెవి పట్టుకెళ్ళాను కానీ వాడలేదు. ముందు కొండీని రాతి వైపు నుంచి ఊడదీశాను. తర్వాత మడతబందులు. తుప్పు పట్టి ఉన్నాయి, చాలాసేపు పట్టింది.

మార్గలీదా వచ్చింది. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“ఏం చేస్తున్నావ్ బాబాయ్?”

“తలుపు తీస్తున్నా.”

“తలుపు తియ్యడం అంటే ఇలాగా!”

నేను పని ఆపలేదు.

“నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు, తెలుసా?” అంది.

“నువ్వు చూడలేదని చెప్పు.”

“ఎలా చూడలేదంటాను, ఎదురుగా ఉంటే?”

“అయితే చూశానని చెప్పు. షుమేవ్ చేశాడని చెప్పు. వాడు అంతరించలేదని చెప్పు,” అన్నాను.

గట్టిగానే అన్నాననుకుంటాను. రాళ్ళ మీది పక్షులు లేచిపోయాయి. ఆ పిల్ల నా వైపు అదోలా చూసింది. అంతలో ఆఖరి బందు ఊడి తలుపు నా మీదికి వాలింది. జునిపర్ చెక్క, బరువు నీకు తెలుసుగా. మోకాలు నిలవలేదు.

“అలా కాదు, ఆ కొస నాకివ్వు. నువ్వు వెనకాల పట్టు,” అంది.

ఇద్దరం కలిసి గట్టు ఎక్కించాం. దారి పొడుగునా నన్ను తిడుతూనే ఉంది. ఇంటి దాకా వదల్లేదు.

కొట్టానికి పాత తెరచాప కట్టాను. గాలి ఆగుతుంది. మనిషి పక్కకు తోసుకుని లోపలికి పోవచ్చు.

ఫెర్రాగుట్ గారు మళ్ళీ అడిగితే షరతు తప్పలేదని చెప్పు. తలుపుకు తాళం అలాగే ఉంది. ఒక్కసారి కూడా తెరవలేదు. తలుపు మా పెరట్లో కోళ్ళగూడుకు ఆనించి ఉంది. కావాలంటే వచ్చి చూసుకోమను.

కొత్త తలుపు పెట్టిస్తారేమో. పెట్టించనీ. ఊడదీయడం నేర్చుకున్నాను.

నీ తమ్ముడు
షుమేవ్