నామాలు దిద్దిన తాబేళ్లు

తిరుపతి, 11-9-46

చి.సౌ. కుముదవల్లికి శుభాశీస్సులు. జ్వరం పూర్తిగా తగ్గింది, పథ్యం కూడా మానేశాను. బెంగపడకు.

చెరువులో తాబేళ్లు ఎన్ని ఉన్నాయో అంచనా కట్టడం కాలేజీ పిల్లలకు నేర్పుతున్నాను. కొన్నిటిని పట్టి, గుర్తు పెట్టి వదలాలి. మళ్లీ వల వేసినప్పుడు గుర్తున్నవి ఎన్ని పడ్డాయో చూసి మొత్తం లెక్కగట్టాలి. తెల్లరంగుతో గుర్తు పెట్టమంటే పిల్లలు ముప్పై డిప్పల మీదా నామాలు దిద్దారు. వారం తర్వాత చేపలు పట్టే వెంకటముని నలభై తెచ్చాడు, ఒక్కదానికీ నామం లేదు. అడిగితే, "అవీ పడినాయి సామీ. నామం పెట్టుకున్నోళ్లను గంపలో యెట్లా యేసేది? దండం పెట్టి ఆడనే ఇడిసిపెట్టినాను" అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం. గదికి వచ్చాక మళ్లీ నవ్వొచ్చింది. చెప్పడానికి ఎవరూ లేరు.

ఊరగాయ అయిపోయింది, ఇటు ఎవరైనా వస్తుంటే పంపు. మీ నాయన మోకాలి నొప్పి ఎలా ఉంది? అత్తయ్యకు నమస్కారాలు. పాపకు మూడో నెలలో మీ ఇద్దరినీ తీసుకొస్తామన్నారు, అయిదో నెల వచ్చింది. బారసాలనాడు చూసిన పాపను ఎప్పుడు చూసినా నేను గుర్తుపడతాను. తను నన్ను చూసి ఎవరో అని ఏడ్చే వయసు రాకముందే రండి.

సౌమ్యనారాయణ